ఖాకీ వేసుకుని పాట కట్టాలనుకునేవాళ్ల కోసం

కొత్త బ్యాచ్ కానిస్టేబుళ్లు స్టేషన్‌కి వచ్చిన ప్రతిసారీ అందులో ఒక్కరైనా పాట పాడేవాళ్లు ఉంటారు. నెల తిరిగేసరికి మెల్లగా నా దగ్గరికి వచ్చి అడుగుతారు, "అన్నా, నేను కూడా పాటలు రాస్త, ఈ డ్యూటీలతోని ఎట్ల కుదురుతది, సార్లు ఏమన్నా అంటరా" అని. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నా. నేను వరంగల్ వైపు ఒక స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్‌ని, పదిహేనేళ్లుగా జానపదాలు కడుతున్నా, పాడుతున్నా. ఇందులో నేను చేసి చూసినవే ఉన్నాయి.

ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. మన ఉత్తర తెలంగాణలో పాటకూ పోలీసుకూ చాలా ఏళ్లు పడలేదు. గొంగడి భుజాన వేసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని పాడిన పాట ఈ ఊళ్లల్లో దొర మీద, సర్కారు మీద, మన మీద కోపంగానే వచ్చింది. ఆ పాటలు వింటూ పెరిగిన పెద్దమనుషులు ఇప్పటికీ రచ్చకట్ట మీద కూర్చునే ఉన్నారు. అందుకే ఖాకీ బట్టల్లో ఒకడు డప్పు పట్టుకుని నిలబడితే మొదటి రెండు నిమిషాలు జనం పాట వినరు, మనిషిని చూస్తారు. ఇది తప్పు కాదు, వాళ్లకు ఆ హక్కు ఉంది. ఆ రెండు నిమిషాలు దాటాలంటే పాట వాళ్ల ఇంట్లోంచి వచ్చినట్టు ఉండాలి తప్ప జీపు మీది మైకులోంచి వచ్చినట్టు ఉండకూడదు. నేను చెప్పే మిగతాదంతా దీని కోసమే.

చెవులు తెరిచి డ్యూటీ చేయండి

పాట రాయడం కంటే ముందు వినడం. ఈ విషయంలో మనకున్న అదృష్టం ఇంకే ఉద్యోగికీ లేదు, ఎందుకంటే ఎక్కడ జాతర జరిగితే అక్కడ మనకు బందోబస్తు పడుతుంది. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు పూజారులు పట్నం (నేల మీద రంగుల ముగ్గు) వేసి, డోలు కొడుతూ మల్లన్న కథ చెప్తుంటే క్యూలైన్ దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌కి అది ఉచితంగా దొరికే పాఠం. రెండేళ్లకోసారి మేడారంలో చిలకలగుట్ట మీంచి సమ్మక్క తల్లి దిగివచ్చేటప్పుడు పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతారు, ఆ చప్పుడు తర్వాత ఒక్కసారిగా లేచే డోలు, పూనకం వచ్చిన శివసత్తుల కేక, జనం అరుపు, ఆ మూడూ కలిసే తీరు ఏ స్టూడియోలోనూ పుట్టదు. హన్మకొండలో సద్దుల బతుకమ్మ రోజు వేయిస్తంభాల గుడి దగ్గర ట్రాఫిక్ డ్యూటీ పడితే గమనించండి: ఒకామె పాట పాదం అందుకుంటుంది, మిగతావాళ్లు "ఉయ్యాలో" దగ్గర కలుస్తారు. ఆ "ఉయ్యాలో" ఎందుకుందో ఆలోచించారా? పాట రానివాళ్లు కూడా పాటలో ఉండడానికి. మీరు కట్టే ప్రతి పాటలో అలాంటి ఒక తలుపు తెరిచి పెట్టాలి.

నాట్ల పాటలు, కలుపు పాటలు, కాముని పున్నమికి పిల్లలు పాడే జాజిరి, పీర్ల పండుగలో గుండం చుట్టూ తిరుగుతూ పాడేవి, ఇవన్నీ వేర్వేరు తాళాల నడకలు. పెట్రోలింగ్‌కి పోయినప్పుడు ఊళ్లో ముసలమ్మలతో మాట్లాడండి, "అమ్మా, మీ చిన్నప్పుడు వరి దంచేటప్పుడు ఏం పాడేది" అని అడగండి, పాడమని మాత్రం బలవంతపెట్టొద్దు, పోలీసాయన అడిగితే కాదనలేక పాడతారు, అది పాట కాదు. రెండోసారి, మూడోసారి పోయినప్పుడు వాళ్లే పాడతారు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, వీక్లీ ఆఫ్ రోజు ఒకసారి పోయి రండి, మన చుట్టూ ఎన్ని రకాల కళలు, వాద్యాలు ఉన్నాయో చూస్తే మీ ఊరి పాట మీద గౌరవం పెరుగుతుంది.

టైం సంగతి. దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సెంట్రీలో తుపాకీ చేతిలో ఉన్నప్పుడు, వైర్‌లెస్ సెట్ దగ్గర కూర్చున్నప్పుడు పాట గురించి ఆలోచించకండి. మిగతా టైంలో వచ్చిన వరుసను ఫోన్ రికార్డర్‌లో పది సెకన్లు హమ్ చేసి పెట్టుకోండి, మాటలు చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ నోట్‌బుక్ వేరే ఉండాలి, కేసుల వివరాలు రాసుకునే దాంట్లో పాట రాయొద్దు, పాటల దాంట్లో కేసు రాయొద్దు. ఎందుకో తర్వాత చెప్తా.

పాట కట్టడం

పోలీసు రాసే పాటల్లో తొంభై శాతం ఎక్కడ దెబ్బ తింటాయంటే, "అప్రమత్తంగా ఉండండి, మోసగాళ్లను నమ్మకండి, ఓటీపీ చెప్పకండి" అని మొదలవుతాయి. ఇది బోర్డు మీద రాసే మాట. ఎవరైనా దీన్ని నాట్లు వేస్తూ పాడుకుంటారా? ఆదేశంతో పాట మొదలుపెట్టకండి, మనిషితో మొదలుపెట్టండి. మోసపోయిన మనిషి తన గోస తానే చెప్పుకుంటే వినేవాళ్లు జాగ్రత్త ఏమిటో వాళ్లే తెలుసుకుంటారు, మీరు వేరే చెప్పక్కర్లేదు.

సైబర్ మోసాల మీద ఊళ్లల్లో పాడడానికి నేనొక పాట కట్టా. పత్తి అమ్ముకున్న ఒక తల్లి పట్నంలో ఉన్న కొడుకుతో చెప్పుకుంటుంది:

పత్తి అమ్మిన పైసలే ఓ కొడుకా
పాసుబుక్కుల దాస్తినే ఓ కొడుకా
ఆరు అంకెలు అడిగెనే ఓ కొడుకా
అల్లుడే అనుకుంటినే ఓ కొడుకా

ఇది ఎట్లా కట్టానో విప్పి చెప్తా, ఎందుకంటే ఇదొక్కటి అర్థమైతే మిగతావి మీరే కట్టగలరు. వేళ్ల మీద లెక్కపెట్టండి. పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు, ఒత్తు ముందున్న అక్షరానికీ సున్నకు ముందున్న అక్షరానికీ రెండు. "పత్తి" మూడు, "అమ్మిన" నాలుగు, "పైసలే" ఐదు. "పాసు" మూడు, "బుక్కుల" నాలుగు, "దాస్తినే" ఐదు. అన్ని పాదాలూ ఇంతే, లెక్క మాట మధ్యలో విరిగినా సరే. మూడు, నాలుగు కలిస్తే ఏడు: తకిట తకధిమి. "పైసలే" ఐదే కాబట్టి చివరి "లే"ని ఇంకో రెండు లాగుతాం, అదీ ఏడు అవుతుంది. "ఓ కొడుకా" ఆరు, చివర ఒకటి లాగితే ఏడు. ఆ లాగే చోటే ఏడుపు ఉంటుంది. ఏడ్చే మనిషి మాట చివర్లో గొంతు సాగదీస్తుంది చూడండి, పాట అక్కడి నుంచే నేర్చుకుంది. నాకు పుస్తకంలో ఛందస్సు రాదు, డప్పు కొట్టే అన్న ఒకాయన కాలితో నేల మీద తట్టి చూపించాడు ఇదంతా.

ఇంకో మంచి సంగతి. సైబర్ మోసం జరిగిన వెంటనే ఫోన్ చేయాల్సిన హెల్ప్‌లైన్ 1930. దీన్ని పాటలో ఎట్లా పెట్టాలి అని నాలుగు రోజులు తిప్పలు పడ్డా. పందొమ్మిది వందల ముప్పై అంటే నడక విరిగిపోతుంది, ఇంగ్లీషు అంకెలు పెడితే ముసలివాళ్లకు నోరు తిరగదు. చివరికి ఒక్కో అంకె విడిగా అని చూశా: "ఒకటి" మూడు, "తొమ్మిది" నాలుగు, "మూడు" మూడు, "సున్నా" నాలుగు. సరిగ్గా తకిట తకధిమి తకిట తకధిమి! లాగే పనే లేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఒకటి తొమ్మిది మూడు సున్నా ఓ కొడుకా
అప్పుడే నువ్ కొట్టరా ఓ కొడుకా

పోయిన పైసలు ఇంకో అకౌంట్‌కి, అక్కడి నుంచి ఇంకో అకౌంట్‌కి మారకముందే ఆపాలి కాబట్టి ఆ "అప్పుడే" అన్న మాట పాటలో తప్పనిసరి. అవగాహన పాటలో సమాచారం ఇంతే ఉండాలి: ఒక నంబరు, ఒక పని. సెక్షన్లు, శిక్షలు, పథకాల పేర్లు పాట అయిపోయాక మామూలుగా మాట్లాడి చెప్పండి.

మాటల విషయానికొస్తే, ఎవరి నోట పాట పెడుతున్నారో వాళ్ల మాటే రాయండి. ఆ తల్లి "నగదు" అనదు, "పైసలు" అంటుంది. "అపరిచిత వ్యక్తి" అనదు, "ఎవడో" అంటుంది. అట్లాగని యాసను నవ్వులాట కోసం వాడకండి, మన యాసను తెర మీద అట్లా వాడితే మనకు ఎంత కాలిందో గుర్తుందిగా.

గిటార్ వచ్చినవాళ్లు ఈ మధ్య అడుగుతున్నారు. తప్పేం లేదు. అమెరికాలో కంట్రీ మ్యూజిక్ అనేది కూడా పల్లెల్లో, పొలాల్లో, రైళ్ల దగ్గర పనిచేసేవాళ్ల పాటే, మూడు కార్డులతో (గిటార్ మీద రెండు మూడు స్వరాలు కలిపి ఒక్కసారి మోగించేవి) ఒక మనిషి కథ చెప్తుంది. మన జానపదం చాలావరకు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతుంది కాబట్టి రెండు కార్డులు సరిపోతాయి, ఎక్కువ వేస్తే వరుస చెదిరిపోతుంది. కానీ వాళ్ల నాలుగు దెబ్బల నడకను మన ఏడు దెబ్బల పాట మీద రుద్దకండి. స్ట్రోక్‌ని కూడా మూడు, నాలుగుగా కొట్టడం నేర్చుకోండి, వారం రోజుల్లో చెయ్యి అలవాటు పడుతుంది.

కేసులోంచి పాట తీయొద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. మనం రోజూ చూసేదంతా పాటకు పనికొచ్చేదే. ఉరి తాడు కోసి దించిన మనిషి, రోడ్డు మీద చెప్పులు మాత్రమే మిగిలిన ప్రమాదం, అర్ధరాత్రి పిల్లను ఎత్తుకుని స్టేషన్‌కి వచ్చిన ఆడబిడ్డ. రాయాలనిపిస్తుంది, రాయకపోతే నిద్ర పట్టదు. రాయండి, కానీ ఇంట్లోనే ఉంచండి.

మొదట్లో నేనొక తప్పు చేశా. ఒక రైతు చనిపోయిన చోటికి పంచనామాకి పోయి వచ్చి, ఆ రాత్రే పాట కట్టా. పేరు మార్చా, ఊరు చెప్పలేదు. కానీ బావి గడ్డ మీది చింతచెట్టు, సగం కట్టిన ఇల్లు, ఎర్ర గళ్ల తువ్వాల, అన్నీ ఉన్నది ఉన్నట్టు పెట్టా. కొన్ని నెలల తర్వాత పక్క మండలంలో అది పాడుతుంటే జనంలోంచి ఒకమ్మాయి లేచి వెళ్లిపోయింది. ఆయన బిడ్డ. ఆ ఊరికి కోడలుగా వచ్చిందని నాకు తెలియదు. తర్వాత పోయి క్షమించమని అడిగా, ఆ పిల్ల ఏమీ అనలేదు, నీళ్లు ఇచ్చింది. ఆ పాట మళ్లీ ఎక్కడా పాడలేదు.

పల్లెలో పేరు మారిస్తే సరిపోదు, చెట్టు చెప్తే మనిషి తెలిసిపోతాడు. అందుకే ఇప్పుడు నేను చేసేదేమిటంటే, చూసినదాంట్లోంచి ఒక్క బాధను మాత్రమే తీసుకుంటా, సంఘటన పూర్తిగా వదిలేస్తా, ఆ బాధను వేరే పని, వేరే వయసు, వేరే ఇల్లు ఉన్న మనిషికి ఇస్తా. పత్తి తల్లి అట్లా పుట్టిందే. ఇక అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, పిల్లల కేసుల్లో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. పాట కదా అని మినహాయింపు ఉండదు. దర్యాప్తులో ఉన్న దేని జోలికీ అసలు పోవద్దు.

చనిపోయిన మన వాళ్ల మీద పాట అడుగుతారు, ముఖ్యంగా అక్టోబర్ 21 దగ్గర పడినప్పుడు. 1959లో ఆ రోజే లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర 10 మంది పోలీసు జవాన్లు ప్రాణాలు వదిలారు, అందుకే అది పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. ఆ పాట రాసేటప్పుడు కుటుంబం దగ్గరికి పోయి కూర్చోండి. ఆయన ధైర్యం గురించి కాదు, ఆయనకు ఏం కూర ఇష్టమో, సెలవు దొరికితే ఏం చేసేవాడో అడగండి. వాళ్లు వద్దంటే పేరు పెట్టకుండా రాయండి.

పర్మిషన్లు

సర్కారు ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు ఉమ్మడి రాష్ట్రంలో 1964లో వచ్చినవి, మనకు అవే నడుస్తున్నాయి. దాంతోపాటు పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం, 1966 ఉంది. అందులో పత్రికలకు రాయడం, పుస్తకాలు వేయడం మీద ఆంక్షలు ఉన్నా, పూర్తిగా సాహిత్యం, కళ, శాస్త్రానికి సంబంధించిన వాటికి మినహాయింపు ఉంది. అంటే పాట పాడడం నేరం కాదు, డ్యూటీ చెడకూడదు. కానీ పాటలో ప్రభుత్వ విధానాల మీద విమర్శ, పార్టీ పొగడ్త, కులాన్నో మతాన్నో కించపరిచే మాట ఉంటే అది ఇంక కళ కింద నిలబడదు. పైసలు వచ్చే పని ఏదైనా, ఆల్బం కానీ యూట్యూబ్ ఆదాయం కానీ ప్రోగ్రాం కానీ, ముందే మీ ఎస్సై, సీఐల ద్వారా పైకి లెటర్ పెట్టండి, నోటి మాట మీద ఆధారపడొద్దు, ఇచ్చిన కాగితం కాపీ దాచుకోండి. యూనిఫాంలో రీల్స్ వద్దే వద్దు. ఎన్నికల టైంలో ఏ స్టేజీ ఎక్కినా ముందు అడిగి ఎక్కండి. ఇదంతా విని టెన్షన్ పడక్కర్లేదు, చాలామంది ఆఫీసర్లు పాట పాడే కానిస్టేబుల్‌ని ఇష్టంగానే చూస్తారు, అవగాహన కార్యక్రమాలకు తిరిగే పోలీసు కళాబృందాలకు మంచి గొంతు ఎప్పుడూ కావాలి. అక్కడ చేరితే డ్యూటీలోనే పాట పాడొచ్చు.

ఊళ్లో పాడేటప్పుడు

డప్పు కొట్టే అన్నలను ఆ ఊరి నుంచే పిలవండి. పిలిచి, పోలీసు పని కదా అని ఊరికే కొట్టించుకోకండి. వాళ్ల కూలి వాళ్లకు ముందే మాట్లాడి ఇవ్వండి, మైకులో పేరు చెప్పండి, డప్పు కాపడానికి గడ్డీ టైమూ ఇవ్వండి. మంట దగ్గర కాపని డప్పు మోగదు, వానాకాలంలో అయితే మధ్యలో మళ్లీ కాపాలి. వరుస ఎవరి దగ్గర నేర్చుకున్నారో పాటకు ముందు చెప్పండి. పాత జానపద వరుస ఎవరి సొంతమూ కాదు కానీ, దాన్ని మన దాకా మోసుకొచ్చిన మనుషులు ఉన్నారు. సినిమా పాట వరుస, తెలిసిన కవి పాట మాత్రం వాడుకోవద్దు, రాసినాయన పోయాక కూడా 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి.

వీలైతే ఖాకీ తీసేసి మామూలు బట్టల్లో పాడండి. యూనిఫాంలోనే పాడాల్సి వస్తే లాఠీ జీపులో వదిలిపెట్టి, టోపీ తీసి, కుర్చీలో కాకుండా గద్దె మీద జనంతో పాటు కాసేపు కూర్చుని అప్పుడు లేవండి. మొదటి పాట అవగాహనది వద్దు. వాళ్లకు తెలిసిన పాట అందుకుని, రెండో పాదం దగ్గర ఆగి వాళ్లకు ఇవ్వండి. వాళ్ల గొంతు లేచాక మీ పాట మొదలుపెట్టండి. ఇరవై నిమిషాలకు మించొద్దు, పొద్దున లేచి పనికి పోయే జనం. రాత్రి 10 దాటాక మైకు వాడకూడదన్న రూల్ అందరికీ చెప్పేది మనమే కాబట్టి, తొమ్మిదిన్నరకే కట్టేయండి.

గొంతు గురించి. బందోబస్తులో విజిల్, దుమ్ము, అరుపులతో గొంతు పోతుంది. అరిచిన రోజు పాడకండి, గుసగుసగా కూడా మాట్లాడకండి, దాంతో గొంతు ఇంకా అలిసిపోతుంది. గోరువెచ్చని నీళ్లు తాగుతూ నోరు మూసుకుని మెల్లగా హమ్ చేస్తే చాలు. బొంగురు రెండు మూడు వారాలైనా పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. రికార్డింగ్‌కి స్టూడియో లేకపోతే పరుపులు, బట్టలు ఉన్న గదిలో ఫ్యాన్ ఆపి, ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కకు పెట్టి పాడండి, వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గదు.

పాడిన ఊరికి పది పదిహేను రోజుల తర్వాత పెట్రోలింగ్‌కి పోయినప్పుడు చెవి పెట్టి వినండి. పిల్లలో, కలుపు తీసే ఆడవాళ్లో మీ పాట ముక్క అంటున్నారంటే అందులో ఏదో ఒక మాట మారే ఉంటుంది. నా పత్తి పాటకు అదే జరిగింది. పర్వతగిరి వైపు ఒక ఊళ్లో ఒక అవ్వ నన్ను ఆపి, "పాసుబుక్కంటే భూమిది గద బిడ్డా, పైసలు అండ్ల ఉంటయా, బ్యాంకుల ఉంటయి గానీ" అన్నది. అని ఊరుకోలేదు, అక్కడే మార్చి పాడింది: "బ్యాంకులోనే ఏస్తినే ఓ కొడుకా". లెక్కపెట్టి చూశా, మూడు, నాలుగు, ఐదు. నోట్‌బుక్ తీసి నా పాదం కొట్టేసి అవ్వ పాదం రాసుకున్నా, ఇప్పుడు ఎక్కడ పాడినా అదే పాడుతున్నా.